జూదరి దోషమా, జూదశాల దోషమా? ఆన్‌లైన్ ఆటల నిషేధం, ఉదయగిరి సీమ ఇచ్చిన రెండు జవాబులు

భారత పార్లమెంటు 2025 ఆగస్టు 20, 21 తేదీలలో ఆమోదించి, మరునాడే రాష్ట్రపతి సమ్మతి పొందిన ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహక, నియంత్రణ చట్టం వీడియో ఆటల ప్రపంచాన్ని మూడు తరగతులుగా విభజించింది. పోటీ క్రీడలుగా గుర్తింపు పొందే ఇ-స్పోర్ట్స్ మొదటిది. వినోదానికో విద్యకో ఆడే సామాజిక ఆటలు రెండవది. డబ్బు ఒడ్డి డబ్బు ఆశించే ఆటలు మూడవది. ఈ మూడవ తరగతిని చట్టం పూర్తిగా నిషేధించింది. ఆ నెలలోనే డ్రీమ్ ఎలెవెన్ వంటి సంస్థలు డబ్బు పోటీలను నిలిపివేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ ఉన్నత న్యాయస్థానాలలో దాఖలైన వ్యాజ్యాలను సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానం తన వద్దకు బదిలీ చేసుకుంది. వార్తలుగా ఇవన్నీ పత్రికలలో వచ్చినవే. సాహిత్య విద్యార్థిని ఆపి ఆలోచింపజేసేవి మాత్రం ఆ చట్టంలోని రెండు చిన్న అంశాలు.

డబ్బు ఆటను నిర్వచించేటప్పుడు ఆ ఆట నైపుణ్యం మీద ఆధారపడినదా, అదృష్టం మీద ఆధారపడినదా, రెండింటి మీదనా అన్న విచారణ అనవసరమని చట్టం ప్రకటించింది. అరవై ఏళ్లకు దగ్గరగా భారతీయ న్యాయవిచారణకు ఆధారంగా ఉన్న భేదం ఇలా ఒక్క వాక్యంతో పక్కకు తొలగింది. రెండవ అంశం శిక్షకు సంబంధించినది. ఆట నడిపినవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవాడికి రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు లావాదేవీలకు తోడ్పడినవాడికీ శిక్ష ఉంది. ఆడినవాడికి మాత్రం ఏ శిక్షా లేదు. ఇందుకు అయిదేళ్ల ముందు, 2020 సెప్టెంబరు 3న, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆటలను నిషేధిస్తూ తీసుకున్న నిర్ణయంలో నిర్వాహకుడికి తొలిసారి ఏడాది జైలుతో పాటు ఆడినవాడికి ఆరు నెలల జైలు కూడా ఉంది. 1974 నాటి గేమింగ్ చట్టానికి సవరణ ఆ ఆలోచనతోనే వచ్చింది. అంటే ఒకే ఊళ్లో, ఒకే ఫోన్‌లో, ఒకే ఆట ఆడిన మనిషి ఒక శాసనం దృష్టిలో అపరాధి, మరొక శాసనం దృష్టిలో బాధితుడు. ఈ మార్పును పరిపాలనా సౌలభ్యంగా మాత్రమే చూడడం చాలదు. జూదంలో దోషం ఎక్కడ నివసిస్తుంది, ఆడేవాడి మనస్సులోనా, ఆడించే శాలలోనా అన్న పాత నైతిక ప్రశ్నే ఈ రెండు శాసనాల మధ్య నిలిచి ఉంది.

ఈ ప్రశ్నకు రెండు బలమైన జవాబులు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోనే, ఉదయగిరి కొండకోట చుట్టుపక్కలే పుట్టాయి. ఒకటి 15వ శతాబ్దపు కావ్యం. మరొకటి 20వ శతాబ్దం చివర నిరక్షరాస్య స్త్రీలు నడిపిన ఉద్యమం. వీటికి తోడు జూదంలో సర్వస్వం పోగొట్టుకున్న రాజును మళ్లీ పాచికల ముందు కూర్చోబెట్టే విరాటపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన ఇదే జిల్లాకు, నెల్లూరు మనుమసిద్ధి కొలువుకు చెందినవాడు.

మాటలు చెప్పే సంగతి

చట్టం చేసిన తరగతి విభజనను తెలుగు పదసంపద అంత సులభంగా ఒప్పుకోదు. సంస్కృత ద్యూత శబ్దం నుంచి వచ్చిన జూదం అనే మాట నేటి వ్యవహారంలో డబ్బు పందేనికే రూఢమైంది. కాని గుడి మండపాల రాతి పరుపుల మీద, ఊరి రచ్చబండల మీద గీతలు చెక్కి ఆడే పులి మేకల ఆటను కూడా తెలుగువారు పులిజూదం అనే పిలిచారు. అందులో పందెం లేదు, పాచికా లేదు, అదృష్టానికి చోటే లేదు. పులులు తక్కువ, మేకలు ఎక్కువ. రెండు పక్షాలకూ వేర్వేరు బలాలు. గెలుపోటములు ఎత్తు మీద ఆధారపడతాయి. నైపుణ్యపు ఆట అనే పేరుకు ఇంతకన్నా తగినది దొరకదు. అయినా పేరు జూదమే. ఇక కోడిపందెంలో జూదం అన్న మాట లేదు, పందెమే పేరుగా స్థిరపడింది. పాచికలాటకు కావ్యభాషలో నెత్తం అని ప్రత్యేకమైన మాట ఉండనే ఉంది.

దీనిని బట్టి పూర్వులకు పందెపు ఆటకూ పందెం లేని ఆటకూ తేడా తెలియదని చెప్పడం పొరపాటు. నైపుణ్యం, అదృష్టం అన్న గీత వద్ద వారు ఆటలను వేరు చేయలేదని మాత్రం చెప్పవచ్చు. మనుస్మృతి సైతం ప్రాణం లేని వస్తువులతో ఆడేదానిని ద్యూతమని, ప్రాణులతో ఆడించేదానిని సమాహ్వయమని విభజించిందే గాని, నేర్పుతో గెలిచేది, దైవవశాన గెలిచేది అనే విభజన చేయలేదు. ఫ్రెంచి పండితుడు రోజర్ కైవా 1958లో ఆటలను వర్గీకరిస్తూ స్పర్ధనూ అదృష్టాన్నీ రెండు వేర్వేరు కొసలుగా నిలిపినప్పుడు, ఆ విభజన స్వయంసిద్ధమన్నంత సహజంగా తోస్తుంది. భారతీయ కథనసంప్రదాయం దానిని అంత సహజంగా భావించలేదు. ఎందుకో నలుడి కథ చెబుతుంది.

నైపుణ్యం నిర్దోషిత్వమా?

నైపుణ్యవాదానికి మన దేశంలో పునాది వేసిన కేసు తెలుగు నేలదే. సికిందరాబాదులోని ఒక వినోద సంఘంలో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకోగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య సాగిన ఆ వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. 1967లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి హిదయతుల్లా మూడు ముక్కలాటను కేవలం అదృష్టక్రీడగా, రమ్మీని ప్రధానంగా నైపుణ్యక్రీడగా పరిగణించారు. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది విడవాలో తేల్చుకోవడం నేర్పుతో కూడిన పని అన్నది ఆయన హేతువు. అర్ధశతాబ్దం తరువాత ఫోన్‌లలో పేకాట వ్యాపారం నిలబడింది ఈ హేతువు మీదనే.

ఆ తీర్పులో మరొక భాగం ఉంది. సంఘం యజమాని పందెపు ఆట నుంచి లాభం గడిస్తున్నట్లు సాక్ష్యముంటే నేరం నిలబడవచ్చునని కూడా న్యాయస్థానం అంది. ఆటగాళ్లు కూర్చున్నందుకు సంఘం వసూలు చేసిన స్వల్ప రుసుమును అటువంటి లాభంగా లెక్కించలేదు. ఆట స్వభావాన్ని గురించిన ప్రశ్న పక్కనే, ఆ తీర్పులో, శాల స్వభావాన్ని గురించిన ప్రశ్న కూడా ఉందన్నమాట. వ్యాపారం మొదటిదాన్ని పదేపదే ఉటంకించింది, రెండవదాన్ని దాటవేసింది. ప్రతి బల్ల నుంచి వాటా తీసుకోవడమే జీవనాధారమైన సంస్థ, సభ్యుల చందాలతో నడిచే ఊరి సంఘానికి వర్తించిన మినహాయింపులో తలదాచుకున్నది. చట్టచరిత్రలో ఇంత లాభసాటి అర్ధపఠనం అరుదు.

నైపుణ్యం ఉన్నంతమాత్రాన ఆట నిర్దోషమవుతుందా? నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వభాగంలోని నలోపాఖ్యానం ఈ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. నలుడు పుష్కరుడితో ఆడి రాజ్యం పోగొట్టుకుంటాడు. చివరకు ఋతుపర్ణుడి సారథిగా ఉన్నప్పుడు, ఆ రాజు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టడం చూసి విస్తుపోతాడు. తన అశ్వహృదయ విద్యను ఇచ్చి అతడి అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. అక్షహృదయం అంటే లెక్కించే విద్య, ఆట లోపలి రహస్యాన్ని ఎరిగే నేర్పు. అది అబ్బిన క్షణంలోనే కలి అతడి శరీరాన్ని విడిచిపోతాడు. తరువాత నలుడు పుష్కరుడిని మళ్లీ ఆటకు పిలిచి ఒక్క పందెంతో అంతా గెలుచుకుంటాడు. ఇక్కడ నైపుణ్యం విమోచకం. న్యాయస్థానపు తర్కానికి ఇది అనుకూలమైన కథలాగే కనిపిస్తుంది.

అయితే ఇదే కథను బృహదశ్వుడు ఎవరికి చెబుతున్నాడో గుర్తుంచుకోవాలి. వింటున్నది శకుని చేతిలో ఓడి అడవి పాలైన ధర్మరాజు. శకునికి ఉన్నదీ అక్షవిద్యే. హస్తినలో జరిగినది నైపుణ్యక్రీడ కాదని ఎవరూ అనలేరు; బల్లకు ఒకవైపు కూర్చున్నవాడికి అది సంపూర్ణ నైపుణ్యక్రీడ. ఎదుటివాడికి అదే ఆట ప్రతి వేటులోనూ దైవాధీనం. ఆటను ఒంటరిగా, వస్తువులాగా, బల్ల మీద పెట్టి ఇది నేర్పు, ఇది అదృష్టం అని ముద్ర వేయడం సాధ్యం కాదని భారతకథ గ్రహించింది. నైపుణ్యం ఆటలో ఉండే గుణం కాదు, ఇద్దరు మనుషుల మధ్య ఉండే దూరం. ఆ దూరం ఎంత పెరిగితే తెలిసినవాడికి అంత నేర్పు, తెలియనివాడికి అంత జూదం.

దీనికొక ఆక్షేపణ రావచ్చు. చదరంగంలోనూ మల్లయుద్ధంలోనూ ఈ దూరం ఉంటుంది కదా, వాటినెవరూ అన్యాయమనరు కదా అని. ఆక్షేపణ సబబైనదే. జవాబు ఓటమి చెప్పే సంగతిలో ఉంది. చదరంగంలో ఓడినవాడికి తాను ఎంత తక్కువవాడో తెలుస్తుంది, ఆ తెలివిడితో లేచిపోతాడు. పందెపు ఆటలో ఓటమి ఆ సమాచారాన్ని దాచిపెడుతుంది. గెలుపు అందినట్లే అంది తప్పిపోయిందన్న భ్రమను మిగులుస్తుంది. లాస్ వేగాస్ జూదయంత్రాల రూపకల్పన మీద నటాషా డౌ షుల్ 2012లో ప్రచురించిన పరిశోధనలో ప్రధానమైన అంశం ఇదే: యంత్రం ముందు కూర్చున్నవాడు ఒక దశ దాటాక గెలుపును కూడా కోరడు, ఆట ఆగకుండా ఉండడాన్నే కోరతాడు; యంత్రాలను రూపొందించేవారు ఆ కోరికకు తగినట్లే వాటిని మలుస్తారు. నలుడి కథలో ద్వాపరుడు పాచికలలో ప్రవేశిస్తాడు. కలి పన్నెండేళ్లు కాచుకొని, నలుడు ఒక్కనాడు శౌచంలో ఏమరుపాటు పడగానే అతడిలో ప్రవేశిస్తాడు. పరికరంలో ఒకరు, మనిషిలో ఒకరు. మనిషి ఏమరుపాటు కోసం ఏళ్ల తరబడి మేల్కొని ఉండే ఈ శక్తిని పురాణకల్పనగా చదివినప్పటికన్నా, రాత్రి పన్నెండు గంటలకు ఫోన్‌కు వచ్చే ఉచిత బోనస్ సందేశాన్ని తలచుకొని చదివినప్పుడు కథ మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

లోపలి శత్రువు

15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం ప్రబోధచంద్రోదయాన్ని తెలుగు ప్రబంధంగా రచించి ఉదయగిరి ప్రభువు బసవరాజు మంత్రి గంగయకు అంకితమిచ్చారు. ఆ ప్రభువుకే దూబగుంట నారాయణకవి పంచతంత్రం అంకితమైంది. ప్రబోధచంద్రోదయంలో పాత్రలు మనుషులు కారు. వివేకుడు, మహామోహుడు, కాముడు, క్రోధుడు, లోభుడు, దంభుడు. యుద్ధమంతా మనిషి లోపల జరుగుతుంది. వ్యసనాన్ని గురించి ఉదయగిరి ఇచ్చిన మొదటి జవాబు ఇదని చెప్పవచ్చు. శత్రువు బయట లేడు, వివేకం ఓడినచోటే పతనం మొదలవుతుంది.

ఈ జవాబును ఛాందసమని తీసిపారేయరాదు. దీనిలో మనిషి పట్ల ఒక గౌరవం ఉంది. ఓడినవాడిని కేవలం బాధితుడన్నప్పుడు అతడి ఇచ్ఛను కూడా అతడి నుంచి లాగుకున్నట్లవుతుంది. నీవు చేసినది నీవు చేయలేదని చెప్పినట్లవుతుంది. సభాపర్వంలోనే దీనికి బలమైన ఆధారముంది. మొదటి జూదంలో పోయినదంతా ధృతరాష్ట్రుడి వరంతో తిరిగి వచ్చింది. ఇంద్రప్రస్థం దారి పట్టిన ధర్మరాజు రెండవ పిలుపుకు వెనక్కి తిరిగి వచ్చి, పన్నెండేళ్ల వనవాసానికీ ఏడాది అజ్ఞాతవాసానికీ ఒడ్డి మళ్లీ ఆడాడు. శకుని ఎవరో, ఆ సభ ఏమిటో ఆ క్షణానికి అతడికి పూర్తిగా తెలుసు. శాలను మాత్రమే దోషిగా నిలిపే వాదం ఏదైనా ఈ అనుద్యూతం దగ్గర తడబడక తప్పదు.

కాని ఉదయగిరి ప్రబంధాన్నే కాస్త నిలకడగా చదివితే మరొకటి కనిపిస్తుంది. మహామోహుడికి రాజ్యముంది, పరివారముంది, పన్నాగముంది. దంభుడిని కాశీలో పాగా వేయమని ముందుగానే పంపుతాడు. లోపలి శత్రువును వర్ణించడానికి కవికి నగరం, స్థావరం, సైన్యం కావలసివచ్చాయి. రూపకానికి అవి తప్పనిసరి అలంకారాలని సరిపెట్టుకోవచ్చు. అంతకన్నా, మోహం తనంతట తాను పనిచేయలేదనీ దానికొక చోటు కావాలనీ రూపకమే ఒప్పుకొన్నదని చదవడం ఎక్కువ సమంజసం. వ్యాసుడి సభాపర్వంలోనూ జూదానికి ముందు ధృతరాష్ట్రుడి ఆజ్ఞతో వేయి స్తంభాల, నూరు ద్వారాల సభ కట్టిస్తారు. పాచికలు దొర్లుతున్నంతసేపూ ఆ వృద్ధరాజు గెలిచామా, ఏం గెలిచాం అని ఆత్రంగా అడుగుతూనే ఉంటాడు. ఆడనివాడు, చూడలేనివాడు, అయినా ఆటలో అందరికన్నా ఎక్కువ ఆసక్తి ఉన్నవాడు అతడే. దుర్యోధనుడు పణం ఒడ్డి శకుని పాచిక వేయడం, అంటే ఒకరి కోసం మరొకరు ఆడడం, అనుచితమని ధర్మరాజు మొదటే అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరం సభలో నిలవలేదు.

విరాటపర్వంలో ధర్మరాజు అజ్ఞాతవాసానికి ఎంచుకున్న వేషం కంకుడు, రాజుతో పాచికలాడే సభికుడు. తిక్కన తన భారతరచనకు ఆరంభంగా స్వీకరించిన పర్వం ఇదే కావడం గమనార్హం. సర్వం పోగొట్టిన ఆటనే ఆ మనిషి జీవనోపాధిగా తీసుకున్నాడు. అంటే అతడి మనస్సులో ఆట పట్ల ఆకర్షణ చావలేదు. అయినా ఏడాది పాటు ఏ అనర్థమూ జరగలేదు. గెలిచినదానిని తమ్ములకు రహస్యంగా అందించాడు కూడా. మనిషి మారకుండా ఫలితం మారిందంటే మారినది పరిస్థితి: శాల వేరు, ఎదుటివాడు వేరు, ఒడ్డవలసిన సొంత రాజ్యమేదీ లేదు. బృహదశ్వుడి వద్ద అక్షహృదయం నేర్చుకున్న మాట నిజమే, ఆ మేరకు మనిషీ మారాడు. ఉత్తరుడి విజయవార్త విని విరటుడు ఆటకు పట్టుపట్టినప్పుడు, జూదం చేటు అని, యుధిష్ఠిరుడి గతి చూడమని కంకుడే హెచ్చరిస్తాడు. ఆ ఆట చివర రాజు విసిరిన పాచిక అతడి ముఖానికి తగిలి నెత్తురు కారుతుంది. ఆటను లోపలి నుంచి ఎరిగినవాడు వద్దన్నా ఆడించే యజమాని వినలేదు.

దూబగుంట

ఉదయగిరి ఇచ్చిన రెండవ జవాబు కలిగిరి మండలం దూబగుంటలో రూపుదిద్దుకున్నది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినబడింది. ఆ ఊరి కథ వాచకంలో పాఠమై, ఇతర ఊళ్లలో చదివిన స్త్రీలు అదే పని చేశారు. 1992లో వారు సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండవది ఎక్కువ కాలం నిలవలేదు.

ఉద్యమచరిత్రగా ఇది చాలామంది రాసినదే. నీతిశాస్త్ర దృష్టితో చూస్తే ఇందులోని విశేషం వారు ఎంచుకున్న లక్ష్యం. తాగి వచ్చిన భర్త ప్రతి రాత్రీ కళ్లెదుటే ఉన్నాడు. దెబ్బలు కొట్టినది అతడు, కూలి డబ్బు తగలేసినది అతడు. కోపానికి అందుబాటులో ఉన్న మనిషి అతడే. అతడి వివేకాన్ని మేల్కొలపడమే మార్గమని ప్రబోధచంద్రోదయం చెప్పేది. ఆ స్త్రీలు దుకాణం వద్దకు నడిచారు, అక్కడి నుంచి వేలంపాట వద్దకు నడిచారు. అంటే అమ్మేవాడి నుంచి, అమ్మే హక్కును అమ్ముతున్న ప్రభుత్వం దాకా. తాగినవాడిని నిర్దోషి అని వారు ఎక్కడా అనలేదు. అతడి దోషానికి ఇంట్లో లెక్క అడిగారు, శాల దోషానికి వీధిలో లెక్క అడిగారు. రెండు దోషాలనూ ఒకే త్రాసులో వేసి ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుందనుకోవడం పండితుల అలవాటు. దూబగుంట స్త్రీలకు ఆ ఇబ్బంది కలగలేదు.

వేలంపాట దాకా వెళ్లడం వెనుక ఉన్న ఎరుక స్మృతులకూ తెలియనిది కాదు. మనువు జూదాన్ని రాజ్యం నుంచి తొలగించమన్నాడు. యాజ్ఞవల్క్యుడు నియంత్రించమన్నాడు: జూదశాల నడిపే సభికుడు గెలిచిన పణం నుంచి నూటికి అయిదు, పది చొప్పున వాటా తీసుకోవాలి, రాజుకు ఒప్పుకున్న భాగం చెల్లించాలి, గెలిచినవాడికి సొమ్ము ఇప్పించాలి. దొంగల ఆచూకీ తెలియడానికి జూదం ఒకేచోట జరగడం మేలని కూడా ఆ స్మృతి భావించింది. తిక్కనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతన విజ్ఞానేశ్వరంగా తెలుగుచేసిన ధర్మశాస్త్ర సంప్రదాయం ఈ స్మృతి మీద వెలసిన మితాక్షరదే. రాజభాగం అన్న మాట వినడానికి ప్రాచీనంగా ఉంటుంది. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటలలో ఒడ్డిన పూర్తి మొత్తం మీద 28 శాతం జి.ఎస్.టి. విధించారు. రెండేళ్లు తిరగకుండానే నిషేధం వచ్చింది. సభికుడి నుంచి భాగం పుచ్చుకున్న రాజుకు సభికుడిని శిక్షించే నైతికాధికారం ఎంత అన్న ప్రశ్న సారా వేలంపాటల కాలంలో ఎంత పదునైనదో ఈనాడూ అంతే పదునైనది.

గోడలు లేని శాల

దూబగుంట పద్ధతిని ఫోన్‌కు వర్తింపజేయడంలో పెద్ద చిక్కుంది. సారా దుకాణానికి తలుపు ఉంది, తలుపుకు తాళం వేయవచ్చు. దుకాణందారు ఊరివాడు, అతడి ఇల్లు తెలుసు. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఒక యువకుడి చేతిలోని జూదశాలకు గోడలు లేవు, సభికుడికి ముఖం లేదు. నిషేధం తరువాత విదేశాల నుంచి నడిచే జాలస్థలాలు ఈ కష్టాన్ని మరింత పెంచుతాయి. నిషేధవాదులు ఈ మాటను తేలికగా తీసుకోరాదు.

పైగా పందెం ఇప్పుడు పందెంలా కనిపించడం లేదు. పోరాటపు ఆటలలో డబ్బిచ్చి తెరిచే పెట్టెలలో, లూట్ బాక్స్ అని పిలిచేవాటిలో, ఏ వస్తువు వస్తుందో తెరిచేదాకా తెలియదు. బెల్జియం జూదనియంత్రణ సంస్థ 2018లో వీటిని జూదంగా ప్రకటించింది. మన చట్టం డబ్బుతో కొన్న నాణేలను, టోకెన్లను కూడా పణంగానే పరిగణించినా, ప్రతిఫలంగా వచ్చేది ఆటలోని రంగు తొడుగు మాత్రమే అయినప్పుడు ఆ పెట్టె నిర్వచనపు అంచున నిలుస్తుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించినది దేశభద్రత, సమాచార రక్షణ కారణాలతో. మరునాడే ఆంధ్రప్రదేశ్ నిర్ణయం వచ్చింది డబ్బు కారణంతో. ఆటను ఎలా మలిచారు, ఆగడానికి వీలు లేకుండా ఏ ఏర్పాట్లు చేశారు అన్న ప్రశ్న ఆ రెండు రోజులలోనూ ఎవరూ వేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆట వ్యసనాన్ని రుగ్మతగా చేర్చడం కూడా మనిషి వైపు నుంచి చూసిన చూపే. రుగ్మత ఉన్నది ఆడేవాడికి, చికిత్సా అతడికే.

ఇ-స్పోర్ట్స్‌ను వృత్తిగా ఎంచుకున్న యువత ఈ చర్చలో నలిగిపోవడం న్యాయం కాదు. చట్టం వారిని వేరు చేసి గుర్తించడం సమంజసమైన పని. పులిజూదానికీ వారి ఆటకూ దగ్గరి చుట్టరికముంది. రెండింటిలోనూ ఎత్తుకు విలువ ఉంది. ఒక తేడా మాత్రం మిగులుతుంది. రాతి మీద పులిజూదం గీసినవాడికి ఆటగాళ్లు ఎంతసేపు కూర్చున్నా ఒరిగేదేమీ లేదు.

సభలో వేసిన ప్రశ్న

సారా ఉద్యమం సద్దుమణిగాక నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి పేరుతో సాగిన ఆ పని తరువాతి స్వయంసహాయక సంఘాలకు దారి చూపింది. సారా దుకాణానికి పోయే రూపాయే దారి మళ్లి పొదుపుగా మారింది. ఈనాడు అదే ఇంట్లో పొదుపు, రుణం, కూలి అన్నీ బ్యాంకు ఖాతా మీదుగా ఫోన్‌కు అనుసంధానమై ఉన్నాయి. ఆ ఫోన్‌లోనే జూదశాల కూడా ఉంది. ఇక్కడ నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్న మాత్రమే కాదు, మనస్సా శాలా అన్న ప్రశ్న కూడా అసంపూర్ణమని తేలుతుంది. ఒడ్డినది ఎవరి సొమ్ము అన్నది మూడవ ప్రశ్న.

భారతంలో ఆ ప్రశ్న వేసినది ద్రౌపది. ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని ఆమె కబురు పంపినప్పుడు సభ చిక్కున పడింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. దుర్యోధనుడి తమ్ముడైన వికర్ణుడు మాత్రం లేచి ఆమె గెలువబడలేదని వాదించాడు. వ్యాసభారతంలో అతడు చూపిన హేతువులు నాలుగు. వ్యసనంలో ఉన్నవాడు, జూదరులు రెచ్చగొట్టగా చేసిన పనిని చేసిన పనిగా లెక్కించరాదు. ఆమె అయిదుగురికీ ఉమ్మడి, ఒక్కడు ఒడ్డడానికి వీల్లేదు. తనను తాను ముందే ఓడినవాడికి ఒడ్డే అధికారం లేదు. ఆమెను ఒడ్డమని పేరెత్తి అడిగినది ఎదుటిపక్షపు శకుని.

2025 నాటి చట్టాన్ని ఈ నాలుగింటి పక్కన పెట్టి చూస్తే, ఆడినవాడికి శిక్ష లేకపోవడం మొదటి హేతువుకు దగ్గరగా ఉంది. ప్రకటనకర్తనూ డబ్బు దారి తెరిచినవాడినీ శిక్షించడం నాలుగవదానికి దగ్గరగా ఉంది. ఉమ్మడి సొత్తు అన్న రెండవ హేతువుకు, అంటే ఆట ఆడని ఇంటివారు, పొదుపు చేసినవారు ఏమి అడగవచ్చునన్న దానికి, ఆ చట్టంలో చోటు లేదు. హస్తిన సభలోనూ లేదు. వికర్ణుడు కూర్చోకముందే కర్ణుడు లేచి, పెద్దలు మాట్లాడని చోట మాట్లాడిన పసివాడని అతడిని గద్దించాడు.